పెత్రమాస పాటలో అమ్మ జాగ

మొన్న పెత్రమాస సాయంత్రం మా హనుమకొండ అపార్టుమెంటు సెల్లార్‌లో బతుకమ్మ ఆడారు. పాట రెండు నల్లని పెట్టెలలో నుండి వచ్చింది. గుండ్రంగా తిరిగిన ఆడవారు నలభై ముగ్గురు. అందులో పెదవి కదిపినవారు ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరు ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఇటువంటివి లెక్కపెట్టడం నాకు చిన్ననాటి జబ్బు, వ్రాసిపెట్టడం అంతకంటె ముదిరిన జబ్బు. ఆట ముగిశాక నాలుగో అంతస్తు అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీ అమ్మగారు మస్తు పాడేవారంట కదా! ఒకటి చెప్పండి, రికార్డ్ చేసి మన గ్రూప్‌లో పెడతా" అన్నది. నా దగ్గర పదకొండే ఉన్నాయమ్మా అన్నాను. "పదకొండు పాటలా? సూపర్ ఆంటీ!" అన్నది. పాటలు కావు, పంక్తులు అని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ పిల్ల మర్యాదస్తురాలు, ఫోన్‌ను నెమ్మదిగా ఒళ్లో పెట్టుకున్నది. ఇంటికి వచ్చి, ట్రంకుపెట్టెలో నుండి 1975 మొదలు 1984 వరకు పది డైరీలను బయటికి తీశాను.

ఈ పండుగ సంగతి ఎరుగనివారి కోసం ఒక మాట చెప్పాలి. పెత్రమాస అంటే భాద్రపదమాసపు అమావాస్య. ఆనాడు ఉదయం పోయిన పెద్దల పేర ఇంటి పురోహితునికి బియ్యము, పప్పు, కూరగాయలు దానమిస్తాము. అది చనిపోయినవారి పూట. అదే నాటి సాయంత్రం తొలి బతుకమ్మను పేర్చి, దాని చుట్టూ తిరిగి పాడతాము. అది బ్రతికి ఉన్నవారి పూట. ఈ రెండు పూటలకు నడుమ వంట, భోజనము, పువ్వులు తెంపుకురావడం తప్ప వేరే అడ్డు లేదు. మా అమ్మ కథ అంతా ఆ రెండు పూటలకు మధ్యనే జరిగింది.

వరంగల్ బజారులో మా నాన్నది బియ్యము, పప్పుల దుకాణం; ఆయనను బాపు అనేవాళ్లము. దుకాణానికి వెనుక సందు, సందులో ఇల్లు, ఇంటికి అవతల మా వాడకట్టు ఆడవారు బతుకమ్మ ఆడే ఖాళీ జాగ. దుకాణం గద్దె నుండి ఆ జాగ వరకు నా అడుగులలో రెండువందల పన్నెండు. అమ్మకు అక్షరం రాదు. కాని మా వాడకట్టులో పాట ఎత్తుకోవాలంటే ఆమెయే ఎత్తుకోవాలి. ఇతర వాడలలో పెద్ద గొంతు గల ఒకామె పంక్తి పాడితే, మిగిలినవారు అదే పంక్తిని తిరిగి పాడతారు. తొమ్మిది రోజులు గడిచేసరికి పాట అందరిదీ అవుతుంది. అమ్మ పద్ధతి వేరు. పంక్తి ఆమె ఒక్కతే పాడేది. మిగిలినవారు "ఏలుకో గౌరమ్మ ఉయ్యాలో" అని బదులు మాత్రమే ఇవ్వాలి. ఇదేమి పద్ధతి అని ఎవరైనా అడిగితే, "మీరు నా మాటనే మల్ల అనుకుంట కూసుంటే, నాకు మతికొచ్చిన మాట మర్లిపోతది" అనేది. నడుస్తూ నడుస్తూ అల్లేది గనుక ఏ ఏటి పాట ఆ ఏటిదే. కిరసనాయిలు దొరకని ఏడు కిరసనాయిలు, నల్లా నీళ్లు రాని ఏడు నల్లా, అలిగి పుట్టింటికి పోయిన కోడలు, దొంగతూకం తూచిన కట్టెల అడితివాడు, అందరూ గౌరమ్మ సరసన పాటలోకి వచ్చి నిలబడేవారు. మరునాడు నల్లా దగ్గర కొందరు అమ్మతో మాట్లాడేవారు కారు. ఆ సంగతి వచ్చే ఏటి పాటలో చేరేది.

నేను డైరీ మొదలుపెట్టినది పదమూడో ఏట. కొత్త సంవత్సరానికి పప్పు మిల్లులవారు బాపుకు ఇచ్చే డైరీలలో ఒకటి నాకు దక్కేది. చింతపండు డబ్బా ఎప్పుడు తెరిచినది, వాన ఎన్ని గంటలకు మొదలైనది, చిన్నమ్మ ఎన్ని రోజులు ఉండి వెళ్లినది, అన్నీ అందులో ఉన్నాయి. 1975 బతుకమ్మ నాటి పుట ఇప్పటికీ చదువగలను: "అమ్మ తొమ్మిది పాటలు పాడినది. ఏడున్నర నుండి తొమ్మిదింబావు వరకు. చివరి పాట అన్నింటికంటె పెద్దది, ఇరవై రెండు నిమిషములు." ఒక్క పాట మాట ఒక్కటి లేదు. ఇరవై రెండు నిమిషములు పట్టిన పాటలో ఏమున్నదో రాయని మనిషి, నిమిషములు రాసింది.

మరుసటి ఏడు ఎండాకాలం. నేను ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నాను. అమ్మ శనగపప్పు చెరుగుతూ, తల ఎత్తకుండానే, "నాకు అక్షరం రాదు, నీకు పాట రాదు. ఇద్దరం కలిస్తె ఒక పుస్తకం అయితది. రాసుకోరాదే బిడ్డా" అన్నది.

"పరీక్షలు కానియ్యమ్మా."

పరీక్షలు అయ్యాయి. మళ్లీ అడిగింది. ఊరికే కూర్చుని చెబితే పాట రాదని ఆమె చెప్పినదే గనుక, "బతుకమ్మ నాడు నువ్వు పాడుతుంటె పక్కన నిలబడి రాస్త" అన్నాను. ఆ జవాబు నాకు చాలా సక్రమంగా తోచింది. చెరగడం ఆపి ఒకసారి నన్ను చూసి, "సరే, నీ ఇష్టం. పాటలేమన్న పారిపోతయా" అన్నది. ఆ మాట మాత్రం డైరీలో ఉంది.

జ్యేష్ఠంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. నాటుమందు పదిరోజులు తిన్నది. తరువాత పెద్ద దవాఖానలో ఇరవై రెండు రోజులు ఉన్నది. ఆడవారి వార్డు కిటికీ నుండి ప్రహరీగోడ కనబడేది. నర్సంపేట దిక్కు నుండి, డోర్నకల్ దిక్కు నుండి రోగులతో వచ్చిన ఊరివాళ్లు ఆ గోడ వెంట మూడు రాళ్లు పెట్టి గంజి కాచుకునేవారు. ఆషాఢపు వాన ఆ పొయ్యిలను పూటకు రెండుసార్లు ఆర్పేది. పక్క మంచం ఆమె తల్లి రెండు రోజులు మా ఇంటి టిఫిన్ డబ్బాలో మిగిలిన అన్నమే తిన్నదని తెలిసినప్పుడు అమ్మ బాపుతో అన్నది: "మన దుకాణంల బియ్యం బస్తాల మీద బస్తాలు కూసున్నయి. ఈడ మంది కడుపుల కాళ్లు పెట్టుకొని కూసున్నరు. ఒక బస్తా పంపరాదు?"

"నువ్వు జర లేచి ఇంటికి రా. నీ చేతులతోనే ఇద్దువుగాని" అన్నాడు బాపు. ఆయనది కూడా సక్రమమైన జవాబే. ఆషాఢం ఆఖరి వారంలో అమ్మ ఇంటికి వచ్చింది. ఆమె వచ్చిన తీరులో, ఎవరి చేతికీ ఏమీ ఇచ్చే వీలు లేదు.

ఆ ఏడు మాకు పండుగలు లేవు. సంవత్సరికం అయిన తరువాత, 1977 శ్రావణంలో ఒకనాడు భోజనం దగ్గర బాపు, ఈసారి పెత్రమాస నాడు అమ్మ పేర పెద్దల బియ్యం దవాఖానకు పోవాలని, సాయంత్రం ఆడవారు అమ్మ పాటలే పాడాలని, పాడవచ్చిన ప్రతి మనిషి శేరు బియ్యం తెచ్చి బస్తాలో పోయాలని, ఆ బియ్యంతో గోడ పక్కనివారికి గంజి కాచే ఏర్పాటు చేయాలని చెప్పాడు. నేను విన్నంతలో ఆయన ఒకే దమ్మున మాట్లాడిన అతి పెద్ద వాక్యం అది.

నాయనమ్మ చేయి కడుక్కోకుండానే అందుకున్నది. "ఓరి నా కొడుకా! పెద్దలకిచ్చే బియ్యం అయ్యగారికి గాదు, దవాఖాన్ల పోస్తవా? నీ పెండ్లానికి ఎట్ల ముడుతయిరా అవి?"

"ఆమె పోయింది దవాఖాన్ల నుంచే గదనే. ఆ తొవ్వ ఆమెకు ఎరుకే" అన్నాడు బాపు.

నాయనమ్మ లేచి పోయి చేయి కడుక్కుని వచ్చింది. తరువాత, "అయ్యగారికి ఒక్క శేరన్న ఇయ్యి, లేకుంటె నేను పోయినంక నన్ను గూడ దవాఖానకే తోలుతవు" అన్నది. అది ఆమె ఒప్పుకున్నట్లు.

బియ్యం పని బాపుది. పాటల పని నాకు వచ్చింది. నాకు రాక ఎవరికి వస్తుంది? పెత్రమాసకు ఇంకా ఆరువారాలు ఉన్నాయి. రెండువందల పుటల నోటుబుక్కు కొని, అట్ట వేసి, మొదటి పుటలో "అమ్మ పాటలు" అని రాసి, మా వాడలోను, చుట్టాలలోను అమ్మ వెంట పాడిన ఇరవై మూడు ఇండ్ల జాబితా కట్టుకుని బయలుదేరాను. పది రోజులలో ముగుస్తుందనుకున్నాను. అమ్మ వెంట పాడినవారు అరవై మందికి తక్కువ లేరు. అంతమంది నోట ఉన్నది ఎక్కడికి పోతుంది?

మొదట కాశిబుగ్గ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మాకు చుట్టం కాదు. మగ్గం నేసే ఇంటి మనిషి, పెండ్లి కాకముందు నుండి అమ్మకు దోస్తు, ప్రతి బతుకమ్మకు రిక్షా కట్టించుకుని మా వాడకు వచ్చి ఆడేది. నేను బుక్కు తెరిచేసరికి నూలు కండె చుడుతున్న చేయి ఆపి నవ్వింది.

"ఏందే, నా మగ్గం పోగులు గూడ లెక్కపెడుతవా ఏంది?"

"కాదు పెద్దమ్మా, అమ్మ పాటలు రాసుకుందామని. మీకు వస్తయి గద?"

"ఎందుకు రావే? ఇరవయ్యేండ్ల సంది పాడుతాన మీ అమ్మ తోని! రాస్కో." ఆమె గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, ఖంగుమనే గొంతుతో "ఏలుకో గౌరమ్మ ఉయ్యాలో" అన్నది. రాసుకున్నాను. తరువాత ఆగింది. మళ్లీ అదే అన్నది. కళ్లు తెరిచింది. "అగో, దీనికి ముందుగాల ఏముండెనే?"

నేను పెన్ను పట్టుకుని ఉన్నాను.

"గదే... కిరసనాయిలుది... ఉండు. మీ అమ్మ ఎత్తుకుంటె వస్తదే నాకు. ఆమె అంటె నేనంట." ఆమె చేతిలోని కండె వైపు, నా బుక్కు వైపు, గుమ్మం వైపు చూసింది. "ఆమె అనకపాయె గద మరి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఆరువారాలలో ఇరవై మూడు ఇండ్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో మొదట ధీమా, తరువాత గౌరమ్మ ఉయ్యాలో, తరువాత ఆగిపోవడం. మేనత్త, "నాకు సగమే ఎరుక, చిన్నమ్మకు అంతా వచ్చు" అన్నది. చిన్నమ్మ, "అయ్యో, నాకేడిదే, మీ మేనత్తకే వచ్చు" అన్నది. ఎవరూ అబద్ధం ఆడలేదు. అందరూ పాడుతున్నారు గనుక పాట అందరికీ వచ్చునని ప్రతి ఒక్కరూ నమ్మారు, నాతో సహా. మాకు వచ్చినది బదులు మాత్రమే. పెత్రమాసకు నాలుగు రోజుల ముందు నా బుక్కులో పదకొండు పంక్తులు ఉన్నాయి. వాటిలో కాశిబుగ్గ పెద్దమ్మకు రిక్షాలో పోతుండగా హఠాత్తుగా జ్ఞాపకం వచ్చి, రిక్షా మళ్లించుకుని వచ్చి చెప్పినవి రెండు:

తక్కెట్ల తూకాలు ఎరిగె ఉయ్యాలో
నా మాట తూకమే ఎరగడు ఉయ్యాలో

హనుమకొండలో సంగీతం చెప్పే పంతులమ్మ ఒకరు, మంచి మనిషి, తాను కొత్త చరణాలు కట్టి హార్మోనియం మీద పాడతానని, డబ్బు అక్కర లేదని కబురు చేసింది. అందరికీ అది బాగున్నట్లే తోచింది. బాపుకు చెప్పాలని ఆ మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. బేరం లేని వేళ. ఆయన గద్దె మీద కూర్చుని మినుములలో రాళ్లు ఏరుతున్నాడు. నోటుబుక్కు ముందు పెట్టి, ఇరవై మూడు ఇండ్లు, పదకొండు పంక్తులు అన్నాను. పరీక్షలు కానియ్యమ్మా అన్న సంగతి కూడా, అమ్మ పోయిన ఒక సంవత్సరం రెండు నెలల తరువాత, మొదటిసారిగా చెప్పాను. తిడతాడని నిలబడ్డాను. ఆయన ఏరుతూనే ఉన్నాడు.

"నేనేమన్న తక్కువనా బిడ్డా? బియ్యం బస్తా అడిగితె ఇంటికి రా అన్నోన్ని" అన్నాడు. కొంచెం సేపటికి, "మీ అమ్మ పాట నేను ఏనాడు ఇనలే, ఎరుకేనా?" అన్నాడు.

ఎట్లా అన్నాను.

"మొగోళ్లం ఆడికి రాము గద. గిరాకి ఉన్నా లేకున్నా ఈ గద్దె మీదనే కూసుంటుంటి. మీరందరు కలిసి అనేది మంచిగ ఇనబడుతుండె, ఏలుకో గౌరమ్మ అని. ఒక్క మనిషి గొంతు ఇంత దూరం రాకపాయె. మీరంటరు, సప్పుడు ఆగుతది. మల్ల అంటరు, మల్ల ఆగుతది. ఆ నడుమ ఏమినబడని జాగ ఉంటది చూడు, గది మీ అమ్మ అనుకొని ఇంటుంటి, ఇరవయ్యేండ్లు." ఒక రాయి తీసి పక్కన పడేశాడు. "పంతులమ్మను ఒద్దను. ఆ జాగ అట్లనే ఉంచుండ్రి."

పెత్రమాస నాడు అరవై ఏడుగురు వచ్చారు. మా ఇంటి గుమ్మం దగ్గర పరిచిన గోనె మీద ఒక్కొక్కరు శేరు బియ్యం పోసి, కళ్లకద్దుకుని, ఆడే జాగకు వెళ్లారు. మా పురోహితుడు కూడా పొద్దున తనకిచ్చిన శేరు బియ్యం తెచ్చాడు. నాయనమ్మ చూడకుండా పోయవలసిందని నన్ను బ్రతిమాలాడు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను నడుమ పెట్టి తిరగడం మొదలుపెట్టారు. కాశిబుగ్గ పెద్దమ్మ చేయెత్తి సైగ చేసింది. ఒక పంక్తి పట్టేంత సేపు ఎవరూ ఏమీ అనలేదు. అడుగులు, చప్పట్లు, గాజులు మాత్రమే. తరువాత అరవై ఏడు గొంతులు ఒక్కసారి బదులు చెప్పాయి. మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ బదులు. మూడో నిశ్శబ్దంలో ఎవరో వెక్కారు, ఒక పసిపిల్ల "అవ్వా, ఎవలు పాడుతాండ్రే?" అని బిగ్గరగా అడిగితే తల్లి దాని నోరు మూసింది. దొరికిన పదకొండు పంక్తులు వాటి చోట్లు వచ్చినప్పుడు పెద్దమ్మ పాడింది. తక్కెడ పంక్తి దగ్గర ఏడుస్తున్న మొఖాలే ఫక్కున నవ్వి దుకాణం దిక్కు చూశాయి.

మరునాడు బాపు, "రాత్రి ఎందుకో అందరు నవ్విండ్రు?" అని అడిగాడు. చెప్పాను. ఇంకొకసారి చెప్పమన్నాడు. చెప్పాను. "గింత మాటన్నదా నన్ను!" అని, కండువాతో తక్కెడ పళ్లాలు రెండూ తుడిచి, చాలాసేపు గిరాకివాళ్ల వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆ ఏటి బియ్యం, మా ఇంటివి కాక, అరవై ఎనిమిది కిలోలు. దవాఖాన గోడ పక్కన రేకుల కప్పు వేసిన పొయ్యి మీద అవి పందొమ్మిది రోజులు వచ్చాయి; తక్కిన రోజులు బాపు చూసుకున్నాడు.

ఆ విధంగా ప్రతి ఏడు జరిగింది. మనుషులు పెరిగారు, బియ్యం పెరిగింది. పాట గురించి రాసుకున్నవి వేరు. మూడవ ఏట నిశ్శబ్దాలు పొట్టివయ్యాయి. చప్పట్లు త్వరపడి, బదులు ముందుగానే వచ్చేస్తున్నది. ఖాళీలో నిలబడడం మనిషికి కష్టం, పాడడం కంటె కష్టం. అయిదవ ఏట నర్సంపేట నుండి మా వాడకు కొత్తగా వచ్చిన కోడలు ఒకామె, ఇది పాట మరచిపోయి ఆగడం అనుకున్నదేమో, పాపం, సాయం చేద్దామని ఒక నిశ్శబ్దంలో తన పంక్తి ఒకటి వేసింది. పత్తి ధర మీద. బాగున్నది. అందరూ నవ్వారు. కాశిబుగ్గ పెద్దమ్మ గుర్రుగా చూసిందే గాని, నవ్వు ఆపుకోలేకపోయింది. తరువాతి ఏడు ఆ కోడలు నాలుగు పంక్తులు వేసింది. ఆ పై ఏడు పెద్దమ్మ మోకాళ్ల నొప్పితో రాలేదు.

1984 పెత్రమాస నాడు నూట నలభై ఇద్దరు వచ్చారు. నేను గుమ్మం దగ్గర బియ్యం చూసుకుంటున్నాను. ఆ ఏడు పోసినన్ని బియ్యం ఏ ఏడూ పోయలేదు. పాట మొదలైంది. నర్సంపేట కోడలు ఎత్తుకున్నది, అందరూ బదులిచ్చారు, ఆమె అందుకున్నది, మళ్లీ బదులు. చివరి వరకు ఒక్క ఖాళీ రాలేదు. ఆమె గొంతు పెద్దది, మాట చక్కనిది, పంక్తి వెంట పంక్తి ధారగా వచ్చింది. ఆట సగంలో నేను ఆ రెండువందల పన్నెండు అడుగులు నడిచి దుకాణానికి వెళ్లాను. బాపు గద్దె మీదనే ఉన్నాడు. చెవి దగ్గర చేయి పెట్టుకుని ఉన్నాడు.

"ఇయ్యాల మీ అమ్మ ఇనబడలేదు బిడ్డా" అన్నాడు.

పోయి ఆపమని చెబుతాను, ఇది అమ్మ పేర జరిగేది, వాళ్లకు తెలియదు, అని గబగబా ఏదో అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒద్దు. ఆ పిల్ల మంచిగ పాడుతాంది. పాడనియ్యి."

ఇద్దరమూ ఆ గద్దె మీద కూర్చుని పాట చివరిదాకా విన్నాము. మంచి పాట. ఆ రాత్రి డైరీలో బియ్యం తూకం, వచ్చినవారి సంఖ్య, పాట ముగిసిన వేళ రాసి, కలం మూత పెట్టాను. చనిపోయినవారిని తీసుకుపోయేటప్పుడు కాలం మన ఎదుటనే తీసుకుపోతుంది, మనము ఏడుస్తాము. వారి కోసం మనము ఉంచిన ఖాళీని మాత్రం అది ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా, కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేనంత మంచి గొంతుతో నింపుకుంటూ వస్తుంది.